మధ్యాహ్నం అన్నం వెనుక ఉన్న లెక్కలు

మన ఇళ్లకు అప్పుడప్పుడు సర్వేవాళ్లు వస్తుంటారు. ఇంట్లో ఎంతమంది, పిల్లలెందరు, ఎవరు ఏ తరగతి, నిన్న ఏం తిన్నారు, బిడ్డ బరువెంత అని అడుగుతారు. మనలో చాలామంది గుమ్మంలో నుంచే "ఇప్పుడు తీరిక లేదండి" అని పంపేస్తారు. కూర్చోబెట్టిన వాళ్లు కూడా ఏదో ఒకటి చెప్పి త్వరగా వదిలించుకుంటారు. "వీళ్లు రాసుకుపోయేదంతా ఎవరికి పనికొస్తుంది?" అని మొన్న మన సంఘం సమావేశంలో ఒక సభ్యురాలు అడిగారు.

నేను గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగమంతా రిజిస్టర్లతోనే గడిచింది. అందుకే ఆ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పాలనిపించింది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఈ రోజు బడిలో మన పిల్లలు తినే వేడి అన్నం చాలావరకు అలాంటి లెక్కల వల్లే నిలబడింది. తమిళనాడులో దీన్ని సత్తుణవు అంటారు, కర్ణాటకలో బిసియూట అంటారు, మహారాష్ట్రలో పిల్లలు ఖిచిడీ అంటారు, యానాంలో మధ్యాహ్న భోజనం అంటారు. పేరు ఏదైనా దాని వెనుక నూరేళ్ల కథ ఉంది. ఆ కథలో మన తెలుగువాళ్ల పాలు కూడా ఉంది.

ఒక అణా ఫలహారం

1920లో మద్రాసు కార్పొరేషన్ కౌన్సిల్‌కు అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టి గారు. మద్రాసులో స్థిరపడిన తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవారు. ఆ ఏడాది సెప్టెంబరులో కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు రోజుకు తలకు ఒక అణా మించకుండా ఫలహారం పెట్టాలన్నది దాని సారం. పిల్లలు బాగా పేదవాళ్లని, దానివల్ల బడిలో సంఖ్య నిలవడం లేదని ఆయన కౌన్సిల్‌కు చెప్పారు.

తరువాత ఈ ఏర్పాటు మరికొన్ని బడులకు పాకింది. 1922-23లో ఐదు బడుల్లో కలిపి 811 మంది పిల్లలుంటే, 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. సంఖ్య రెండింతలు దాటింది. అయినా 1925 ఏప్రిల్ నుంచి ప్రాథమిక విద్య నిధిలో నుంచి ఈ ఖర్చు పెట్టడానికి వీల్లేదని పై ప్రభుత్వం అనడంతో ఫలహారం ఆగిపోయింది. కొన్నేళ్ల తరువాత మళ్లీ మొదలైంది.

ఈ చిన్న సంగతిలోనే మొత్తం విషయం ఉంది. పిల్లల సంఖ్య రిజిస్టర్లో కళ్లకు కనబడుతోంది. అయినా ఖర్చు ఆపినవాళ్లను ఆ సంఖ్య ఆపలేకపోయింది. లెక్క ఉంటే చాలదు, ఆ లెక్క పట్టుకుని అడిగేవాళ్లు కావాలి. అడిగేవాళ్లు ఉన్నా, చేతిలో లెక్క లేకపోతే వాళ్ల మాట నిలవదు.

పుదుచ్చేరిలో 1930లో ఫ్రెంచి పాలకులు బడిపిల్లలకు భోజనం మొదలుపెట్టారు. అప్పుడు మన యానాం కూడా ఆ పాలనలోదే. 1956లో కామరాజ్ గారు మద్రాసు రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం తెచ్చారు. 1982 జులై 1న ఎం.జి.రామచంద్రన్ గారు దాన్ని పెద్దఎత్తున పౌష్టికాహార పథకంగా మార్చారు. ముందు పల్లెల్లో, కొద్ది నెలలకే పట్టణాల్లో అమలైంది. అప్పట్లో చాలామంది పెద్ద చదువుల వాళ్లు ఇది ఓట్ల కోసం చేసే దండగ ఖర్చని విమర్శించారు. బడి చదువు కోసమా, తిండి కోసమా అని అడిగారు. ఆ విమర్శకు జవాబు చెప్పడానికి కేవలం జాలి సరిపోదు. పిల్లల మీద ఏం ఫలితం ఉందో చూపించాలి. అది చూపించడమే సామాజిక, ఆర్థిక పరిశోధన చేసే పని.

బియ్యం మూట నుంచి వేడి అన్నానికి

1995 ఆగస్టు 15న కేంద్రం దేశమంతటికీ ఒక పథకం ప్రకటించింది. చాలా రాష్ట్రాలు అన్నం వండి పెట్టకుండా, బడికి సరిగా వచ్చే పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యమో గోధుమలో ఇచ్చి సరిపెట్టాయి. మూట ఇంటికి వెళ్తుంది, ఇంటిల్లిపాదికీ పంచుకుంటుంది. బడిలో మధ్యాహ్నం పన్నెండు గంటల ఆకలి మాత్రం అలాగే ఉంటుంది.

2001లో చాలా రాష్ట్రాల్లో కరువు. ఇంకొక పక్క ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం నిండి మూలుగుతోంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2001 నవంబరు 28న కోర్టు ఆదేశమిచ్చింది. ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడిలో వండిన భోజనమే పెట్టాలి, అందులో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలి అన్నది. కర్ణాటకలో 2002లో ఈశాన్య జిల్లాల్లో అక్షర దాసోహ పేరుతో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది.

కోర్టు ఆదేశించినంత మాత్రాన అన్ని చోట్లా పొయ్యి వెలగలేదు. వంటగది లేదు, డబ్బు లేదు, చదువు చెడుతుంది అంటూ రకరకాల సాకులు వచ్చాయి. అప్పుడే పరిశోధకులు బడులకు వెళ్లి లెక్కలు తీయడం మొదలుపెట్టారు.

పేరు రాయించడం వేరు, బడికి రావడం వేరు

అంతకుముందే ఒక ముఖ్యమైన సర్వే జరిగింది. 1996లో ఉత్తరాది రాష్ట్రాల పల్లెల్లో ఇంటింటికీ, బడిబడికీ తిరిగి సమాచారం సేకరించారు. దాని నివేదిక 1999లో వచ్చింది. ప్రోబ్ నివేదిక అని పేరు. పేదవాళ్లకు పిల్లల్ని చదివించాలన్న కోరిక లేదని అప్పట్లో అధికారులు తేలిగ్గా అనేసేవారు. ఆ మాట తప్పని ఈ సర్వే చూపించింది. చాలామంది తల్లిదండ్రులు కొడుకుల్నీ, కూతుళ్లనీ చదివించాలనే కోరుకుంటున్నారు. బడి సరిగా నడవకపోవడం, చదువు ఖర్చు భరించలేకపోవడం వాళ్ల అడ్డంకులు. రోగం తెలిస్తే గానీ మందు తెలియదు కదా.

2003లో జీన్ డ్రెజ్, అపరాజిత గోయల్ అనే ఆర్థికవేత్తలు ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్, కర్ణాటకల్లో 81 బడులు చూసి వచ్చిన సర్వే వివరాలు ప్రకటించారు. వండిన భోజనం మొదలైన ఏడాదిలో ఒకటో తరగతిలో చేరినవాళ్లు సుమారు 15 శాతం పెరిగారు. ఆ పెరుగుదలలో పెద్ద వాటా ఆడపిల్లలది. ఇంట్లో చిన్నవాళ్లను ఎత్తుకుని కూర్చునే అక్కలు బడి మెట్లెక్కారన్న మాట. వేర్వేరు కులాల పిల్లలు ఒకే బంతిలో కూర్చుని తినడం కూడా వాళ్లు గమనించారు. కొన్ని చోట్ల పెద్ద కులాల వాళ్లు అభ్యంతరం చెప్పారని కూడా దాచకుండా రాశారు.

ఇక్కడ ఒక చిన్న తేడా గుర్తుంచుకోవాలి. పేరు రాయించడం వేరు, రోజూ రావడం వేరు. జూన్‌లో పేరు రాయించి ఆగస్టు నాటికి పత్తి చేలో కనబడే పిల్లలు ఎందరో. అందుకే పరిశోధకులు ప్రవేశాల రిజిస్టరు చూస్తారు, హాజరు పట్టీ చూస్తారు, ఆపైన చెప్పకుండా వెళ్లి తరగతిలో తలలు లెక్కపెడతారు. మూడింటికీ పొంతన కుదిరితేనే రాసుకుంటారు. రిజిస్టరు రాసినవాడిగా చెబుతున్నాను, ఈ పద్ధతి న్యాయమైనది.

"ఇంట్లో తగ్గించేస్తారేమో" అన్న అనుమానం

పథకాన్ని విమర్శించేవాళ్లు ఇంకొక అనుమానం లేవదీశారు. బడిలో తిన్నాడు కదా అని ఇంట్లో రాత్రి అన్నం తగ్గిస్తే బిడ్డకు మిగిలేదేముంది? ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. పేద ఇంట్లో తల్లి ఉన్నదాన్నే అందరికీ సర్దాలి.

దీనికి ఫర్జానా అఫ్రిది అనే ఆర్థికవేత్త మధ్యప్రదేశ్‌లో ఒక తెలివైన పద్ధతిలో జవాబు వెతికారు. పిల్లలు కిందటి రోజంతా ఏమేమి తిన్నారో అడిగి రాసుకున్నారు. కొందరికి ఆ కిందటి రోజు బడి ఉన్న రోజు, కొందరికి సెలవు రోజు. ఈ రెండింటినీ పోల్చారు. ఇంట్లో తగ్గించేస్తుంటే రెండు రోజుల మొత్తం ఒకటే ఉండాలి. అలా లేదు. బడి ఉన్న రోజు పిల్లల కడుపులోకి వెళ్లింది స్పష్టంగా ఎక్కువ. రోజువారీ మాంసకృత్తుల లోటు పూర్తిగా తీరింది, కేలరీల లోటు దాదాపు 30 శాతం తగ్గింది, ఇనుము లోటు 10 శాతం దాకా తగ్గింది. ఇంట్లో తల్లులు పిల్లల కంచంలో చెయ్యి పెట్టలేదని తేలింది. ఈ అధ్యయనం 2010లో అచ్చయింది.

"నిన్న ఏం తిన్నారు?" అని సర్వేవాళ్లు అడిగితే మనకు నవ్వొస్తుంది. ఆ ప్రశ్నకు అంత పని ఉంది. నిన్న రాత్రి గంజి తాగి పడుకుంటే, పరువు కోసం పప్పు, కూర, పెరుగు అని చెబితే ఆ లెక్క మన బిడ్డకే ఎదురు తిరుగుతుంది.

మూడు వేలమంది తెలుగు పిల్లలు

ఇప్పుడు మనకు బాగా దగ్గరి సంగతి. 2002లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం మొదలైంది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారత్ ఈ నాలుగు దేశాల్లో కలిపి 12,000 మంది పిల్లల్ని ఎంచుకున్నారు. మన దేశంలో ఎంచుకున్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, హైదరాబాదు నగరం. 2001-02లో పుట్టినవాళ్లు 2,000 మంది, 1994-95లో పుట్టినవాళ్లు 1,000 మంది.

దీని ప్రత్యేకత ఏమిటంటే, ఒకసారి వచ్చి రాసుకుపోయి ఊరుకోలేదు. అవే ఇళ్లకు, అవే పిల్లల దగ్గరికి కొన్నేళ్లకొకసారి మళ్లీ మళ్లీ వెళ్లారు. ఎత్తు, బరువు కొలిచారు. బడి, చదువు, పని, ఇంటి ఆదాయం, అప్పు, జబ్బులు, పంట నష్టం అన్నీ అడిగారు. ఒళ్లో ఉన్న బిడ్డ కాలేజీకి వెళ్లేదాకా ఆ లెక్క సాగింది. ఒకే రోజు తీసిన ఫొటో చూస్తే మనిషి ఎలా ఉన్నాడో తెలుస్తుంది. ఏటేటా తీసిన ఫొటోలు పక్కపక్కన పెడితే ఎప్పుడు చిక్కాడో, ఎందుకు చిక్కాడో తెలుస్తుంది.

ఆ సమాచారంతో అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు మధ్యాహ్న భోజనం ఫలితాన్ని లెక్కగట్టారు. ఆ కాలంలో రాష్ట్రంలో తీవ్రమైన కరువు వచ్చింది. అనంతపురం, మహబూబ్‌నగర్ వాళ్లకు ఆ రోజుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మన హోసూరు, కోలారు, బళ్లారి, రాయచూరు వైపు ఉన్నవాళ్లకూ ఆ ఎండ తెలుసు. కరువు దెబ్బ తిన్న ఇళ్లలోని పసివాళ్ల ఎదుగుదల దెబ్బతింది. తరువాత వాళ్లు బడిలో చేరి మధ్యాహ్న భోజనం తిన్నాక ఆ నష్టం చెప్పుకోదగినంతగా పూడింది. కరువు తగలని ఇళ్ల పిల్లలకంటే తగిలిన ఇళ్ల పిల్లలకే ఆ అన్నం ఎక్కువ ఆదుకుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రభుత్వ బడికి వెళ్లే పిల్లలు, ప్రైవేటు బడికి వెళ్లే పిల్లలు మొదటి నుంచీ ఒకలాంటివాళ్లు కారు. ఇద్దరినీ ఊరికే పోలిస్తే లెక్క తప్పుతుంది. అందుకని వాళ్లు బడిలో చేర్చే వయసును ఆసరా చేసుకున్నారు. దాదాపు ఒకే ఈడు పిల్లల్లో కొన్ని నెలలు పెద్దవాళ్లు బడిలో చేరి ఉంటారు, కాస్త చిన్నవాళ్లు ఇంకా చేరి ఉండరు. ఈ తేడాను పట్టుకుని అన్నం ఫలితాన్ని విడదీశారు. అక్కడికి వెళ్లి ఎత్తు కొలిచిన వాళ్ల ఓపిక, మళ్లీ మళ్లీ తలుపు తీసి జవాబు చెప్పిన తల్లుల ఓపిక రెండూ ఉంటేనే ఇది తేలింది.

అమ్మ తిన్న అన్నం బిడ్డ ఎత్తులో

2021లో వచ్చిన ఇంకొక అధ్యయనం నన్ను బాగా ఆలోచింపజేసింది. 1993 నుంచి 2016 దాకా జరిగిన దేశవ్యాప్త సర్వేలను కలిపి చూశారు. చిన్నప్పుడు బడిలో మధ్యాహ్న భోజనం తిన్న ఆడపిల్లలు పెద్దయి తల్లులయ్యాక, వాళ్ల బిడ్డలు ఎలా ఎదిగారన్నది వాళ్ల ప్రశ్న. ఆ పథకం పూర్తిగా అందిన తరం తల్లుల బిడ్డలు, అందని తల్లుల బిడ్డలకంటే వయసుకు తగ్గ ఎత్తులో మెరుగ్గా ఉన్నారు. 2006 నుంచి 2016 వరకు దేశంలో పసిపిల్లల ఎత్తులో వచ్చిన మెరుగుదలలో 13 నుంచి 32 శాతం దాకా ఈ భోజనంతో ముడిపడి ఉందని అంచనా వేశారు.

ఆడపిల్లకు ఒక పూట అన్నం పెడితే అది ఆమెతో ఆగదు. ఆమె ఇంకొన్నేళ్లు చదువుతుంది, పెళ్లి కొంచెం ఆలస్యమవుతుంది, కాన్పు ఆసుపత్రిలో అవుతుంది, బిడ్డ నిలకడగా ఎదుగుతుంది. ఇరవై ఏళ్ల తరువాత తేలే ఫలితం ఇది. ఈ ఏడాది ఖర్చు, ఈ ఏడాది లాభం అని చూసే బడ్జెట్ లెక్కలో ఇది ఎప్పటికీ కనబడదు.

అంగన్‌వాడీకి ఇంకొక చెయ్యి

తమిళనాడులో జరిగిన ఒక ప్రయోగం కూడా చెప్పాలి. అంగన్‌వాడీలో ఒక్క కార్యకర్త, ఒక ఆయా. పిల్లలకు పాటలు, అక్షరాలు నేర్పాలి, బరువులు తూయాలి, గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి, రిజిస్టర్లు నింపాలి. ఎన్ని పనులని చేస్తుంది? 320 అంగన్‌వాడీలను తీసుకుని, చీటీలు తీసినట్టు సగం కేంద్రాలను ఎంచి, వాటికి పూట పని చేసే ఇంకొక కార్యకర్తను ఇచ్చారు. ఏడాదిన్నర తరువాత చూస్తే ఆ కేంద్రాల్లో పిల్లలకు నేర్పే సమయం రెండింతలయింది. లెక్కలు, భాష రెండింటిలోనూ పిల్లలు ముందున్నారు. అదనపు మనిషి చదువు చూసుకోవడంతో పాత కార్యకర్తకు ఆరోగ్యం, పోషణ చూసే తీరిక దొరికింది. తీవ్రమైన పోషణ లోపం కూడా తగ్గింది. కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు చేసిన పని ఇది. పెట్టిన ఖర్చుకు చాలా రెట్లు లాభం ఉందని లెక్కగట్టారు.

చీటీలు తీయడం ఎందుకంటారా? అధికారులకు నచ్చిన కేంద్రాలకే మనిషిని ఇస్తే, అవి ముందే బాగా నడిచే కేంద్రాలై ఉండవచ్చు. అప్పుడు ఫలితం మనిషిదా, కేంద్రానిదా తెలియదు. చీటీ తీస్తే ఆ పక్షపాతం పోతుంది.

కర్ణాటకలో కోడిగుడ్డు సంగతీ ఇలాంటిదే. గుడ్డు పెట్టాలా వద్దా అని ఏళ్ల తరబడి వాదులాట సాగింది. 2021 డిసెంబరులో కల్యాణ కర్ణాటక జిల్లాల్లో, విజయపురలో గుడ్డు మొదలుపెట్టి, గుడ్డు తింటున్న యాదగిరి పిల్లల్ని గుడ్డు లేని గదగ్ పిల్లలతో పోల్చి చూశారు. తిన్నవాళ్లు బరువులో బాగా ముందున్నారు. 2022లో రాష్ట్రమంతటికీ విస్తరించారు. అప్పుడు తిననివాళ్లకు అరటిపండో, వేరుసెనగ చిక్కీయో ఇచ్చారు. ఎవరి ఆచారం వాళ్లది, అన్నిటికీ కొలత ఒకటే: బిడ్డ ఎదుగుతోందా లేదా. తమిళనాడులో 2022 సెప్టెంబరు 15న 1,545 బడుల్లో ఉదయం టిఫిన్ మొదలై, మరుసటి ఏడాది ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ చేరింది. నూరేళ్ల కిందట త్యాగరాయ చెట్టి గారు ఒక బడిలో పెట్టించిన ఫలహారం ఆ రాష్ట్రంలో ఇక్కడిదాకా నడిచి వచ్చింది.

లెక్కలు చేయలేనిది

లెక్క అన్నీ చేయదు. సగటు అనేది ఒక్కొక్కసారి కళ్లు కప్పుతుంది. రాష్ట్రం సగటు బాగుందంటే మన వీధిలోని బీడీ కార్మికురాలి బిడ్డ బాగుందని కాదు. ఎత్తు, బరువు కొలిచిన పట్టీ అన్నంలో పురుగుందా అన్నది చెప్పదు. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వడ్డించే ముందు ఉపాధ్యాయుడో, పెద్దవాళ్లెవరైనా రుచి చూడాలన్న నిబంధన ఎంత ముఖ్యమో ఆ దుర్ఘటన గుర్తు చేసింది. రుచి చూశారా లేదా అన్నది ఏ విశ్వవిద్యాలయమూ రోజూ వచ్చి చూడదు. అది తల్లిదండ్రులే చూడాలి.

మన ఇళ్లలో ఏం చేయాలి

తరాలుగా పొరుగు రాష్ట్రాల్లో ఉంటున్న మనకు ఇందులో ప్రత్యేకమైన పట్టింపు ఉంది. బరంపురంలో, షోలాపురంలో, బళ్లారిలో, హోసూరులో మనం సంఖ్యలో తక్కువ కాదు. కానీ లెక్కలో తక్కువ పడుతున్నాం. ఒకరు ఊరి భాష చెబుతారు, ఒకరు అడిగినవాళ్లకు ఏది సులువో అది చెబుతారు. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు ఒప్పుకున్న సూత్రం ప్రకారం బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చెప్పే ఏర్పాటు చేయాలి. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం కూడా ఈ బాధ్యత రాష్ట్రాల మీద పెట్టింది. పదిమంది ఉండి తొమ్మిదిమందిగా రాయిస్తే పోయేది ఒక అంకె కాదు, ఒక టీచరు పోస్టు.

ఇంకొక లెక్క చూడండి. ఆహార భద్రత చట్టం 2013 కింద ఏ రాష్ట్రంలో ఎంతమందికి రేషన్ అన్నది 2011 జనాభా లెక్కలమీద కట్టారు. ఆ తరువాత పుట్టిన పిల్లలు ఆ అంకెలో లేరు. 2027 మార్చి 1 ఆధార తేదీగా కొత్త జనాభా లెక్కలు ప్రకటించారు. ఆ లెక్కలో మన ఇంటి ప్రతి పసిబిడ్డా ఉండాలి.

అందుకని సంఘం తరఫున కొన్ని మాటలు మనవి చేస్తున్నాను.

మొదటిది, బిడ్డ పుట్టగానే జననం నమోదు చేయించండి. బడిలో వేసేటప్పుడు వయసు ఏడాది పెంచో తగ్గించో రాయించకండి. వయసుకు తగ్గ ఎత్తు అన్న కొలత అంతా సరైన పుట్టిన తేదీ మీదే నిలబడుతుంది. వయసు తప్పితే, ఎదగని బిడ్డ కూడా కాగితం మీద ఎదిగినట్టే కనబడుతుంది. అప్పుడు ఆ బిడ్డకు రావలసిన సాయం రాదు.

రెండవది, మాతృభాష గడిలో తెలుగు అని రాయించండి. జనాభా లెక్కల్లోనే కాదు, బడివాళ్లు పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడూ ఆ గడి ఉంటుంది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చక్కగా చదవనివ్వండి. అది వేరు, ఇది వేరు.

మూడవది, సర్వేకు వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు అడిగి చూడండి. సరైనవాళ్లయితే కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బ్యాంకు వివరాలు, ఓటీపీలు అడిగితే మాత్రం ఇవ్వకండి, నిజమైన సర్వేలో వాటికి పని లేదు.

నాలుగవది, అంగన్‌వాడీలో బిడ్డను తూచే రోజున తీసుకెళ్లండి. ఎదుగుదల పట్టీలో గీత పైకి పోతోందా, నిలిచిపోయిందా అడిగి తెలుసుకోండి. నెలనెలా తూచితేనే ఆ గీతకు అర్థం.

అయిదవది, పిల్లలు ప్రభుత్వ బడిలో చదువుతుంటే భోజనం వేళకు ఒకసారి వెళ్లి చూడండి. ప్రాథమిక తరగతుల బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ఉండాలి, అంతా కలిపి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు రావాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు 150 గ్రాముల బియ్యం, 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. భోజనం పెట్టని రోజులకు ఆహార భద్రత భత్యం ఇవ్వాలని 2015 నిబంధనలు చెబుతున్నాయి. ఇది ఎవరి దయ కాదు, చట్టం.

ఆరవది, బడి యాజమాన్య కమిటీలో చేరండి. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చాలా బడుల్లో ఈ కమిటీ కాగితాల మీదే నడుస్తుంది. మన ఆడపడుచులు ఇద్దరు ముగ్గురు కూర్చుంటే అన్నం రుచి దానంతటదే మారుతుంది.

కొందరు పెద్దలు "మన పిల్లలు ప్రైవేటు బడికి పోతారు, ఈ గొడవ మనకెందుకు" అంటారు. మన మగ్గాల ఇళ్లలో, బీడీలు చుట్టే ఇళ్లలో, ఇటుక బట్టీల దగ్గర ఉన్న తెలుగు పిల్లలు ఏ బడికి పోతారో ఒకసారి లెక్క తీసి చూడమని వాళ్లను కోరుతున్నాను. మన సంఘంలో ఈ పని మొదలుపెట్టాం. సభ్యుల కుటుంబాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలెందరు, ఎవరు ఏ బడి, ఎవరికి జనన ధ్రువపత్రం లేదు, ఎవరికి రేషన్ కార్డులో పేరెక్కలేదు అని ఒక రిజిస్టరు రాస్తున్నాం. మీ ఊరి సంఘాలు కూడా ఇలాంటిది ఒకటి తెరవండి. రెండు వందల పేజీల నోటుపుస్తకం చాలు. పేర్లు, పుట్టిన తేదీలు తప్పుల్లేకుండా రాయగల మనిషి ఒకరు ఉంటే, మిగతా పని నడుస్తుంది.

— తెలుగు సంఘం కార్యదర్శి